పెట్టె విలువా, సినిమా విలువా? – తెలుగు నిర్మాతలకు, ఓవర్సీస్ పంపిణీదారులకు ఒక బహిరంగ లేఖ

హైదరాబాద్,
అక్టోబరు, 2025.

తెలుగు చలనచిత్ర నిర్మాతలకు, విదేశీ హక్కుల పంపిణీదారులకు, వాణిజ్య మండళ్ల పెద్దలకు నమస్కారాలు.

1998లో, ‘ఓవర్సీస్’ అనే మాట మన పోస్టర్ల మీదికి ఇంకా ఎక్కని రోజుల్లో, తెలుగు సినిమా ప్రింట్లను విదేశాలకు పంపే ఒక చిన్న కార్యాలయంలో నేను గుమస్తాగా చేరాను. మద్రాసు ల్యాబు నుంచి వచ్చిన పదహారు రీళ్లను డబ్బాల్లో సర్ది, ఆ డబ్బాలను రెండు రేకు పెట్టెల్లో పెట్టి, తాళాలు వేసి, విమానాశ్రయంలో కార్గో గిడ్డంగి దాకా ఆటోలో తీసుకువెళ్లడం నా పని. మొదటి రాత్రే క్లియరింగ్ ఏజెంటు ఒక కాగితం నా ముందు పెట్టి, ‘సరుకు విలువ’ అన్న గడిలో అంకె వేయమన్నాడు. ఏ అంకె వేయాలో నాకు తోచలేదు. ప్రింటుకు ల్యాబు వేసిన బిల్లు వేయాలా, అమెరికాలో ఆ సినిమా ఆడించుకునేందుకు అక్కడి కొనుగోలుదారు మా యజమానికి పంపిన సొమ్ము వేయాలా, సినిమా తీయడానికి నిర్మాతకు అయిన ఖర్చు వేయాలా అని నేను తటపటాయిస్తుంటే అతను నవ్వి, “ఫిల్ముకు ఎంతయిందో అంతే వెయ్యి తమ్ముడూ, కథకు వెలగట్టే కస్టమ్సు ఎక్కడా లేదు” అన్నాడు. ఇరవై ఏళ్లకు పైగా నేను ఆ మాట ప్రకారమే గడి నింపాను. ఎవరూ కాదనలేదు. ఈ ఏడాది మే నెల నుంచి మాత్రం ఆ మాట మీద నాకు నమ్మకం సడలింది. ఈ లేఖ రాయడానికి కారణం అదే.

మే 1న ముంబయిలో ప్రధానమంత్రి ‘వేవ్స్’ సదస్సును ప్రారంభించారు. మన పరిశ్రమ పెద్దలు పలువురు అక్కడికి వెళ్లారు. భారతీయ కథలు ప్రపంచమంతా చుట్టి రావాలన్న ప్రసంగాలతో నాలుగు రోజుల ఆ సదస్సు ముగిసిన మే 4వ తేదీనే అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్, తమ దేశం వెలుపల తీసిన సినిమాలన్నింటి మీదా నూరు శాతం సుంకం వేయిస్తానని ప్రకటించారు. ఇతర దేశాలు రాయితీలు ఎరచూపి చిత్ర నిర్మాణాన్ని తమ దగ్గరి నుంచి తన్నుకుపోతున్నాయని, అది జాతీయ భద్రతకే ముప్పని ఆయన వాదన. సెప్టెంబరు 29న అదే ప్రకటన మళ్లీ చేశారు. ఎప్పటి నుంచి, ఏ చట్టం కింద, దేని మీద లెక్కగట్టి వసూలు చేస్తారన్నది రెండుసార్లూ చెప్పలేదు. మన దగ్గర రెండుసార్లూ రెండేసి రోజులు టీవీల్లో చర్చలు నడిచాయి. మూడో రోజున ఏదో టీజరు విడుదలైంది, చర్చ అక్కడితో ఆగింది.

ఇది కేవలం హాలీవుడ్ ఇంటి గొడవ అనుకునేవాళ్ల కోసం ఒక చిన్న లెక్క చెబుతాను. పేరున్న హీరో లేని ఒక మధ్యస్థాయి సినిమాకు అమెరికా హక్కులు 50 లక్షల రూపాయలకు అమ్ముడుపోయాయని అనుకుందాం. కొన్నవాడు టికెట్ల వసూళ్లలో దాదాపు సగం థియేటర్లకు వదులుకోవాలి, మిగిలిన సగంలోంచే ప్రచార ఖర్చు, ప్రదర్శనకు కావలసిన సాంకేతిక ఖర్చులు, కొనుగోలు సొమ్ము రాబట్టుకోవాలి. సుంకాన్ని హక్కుల ధర మీద లెక్కగడితే అతని పెట్టుబడి ఒక్క సంతకంతో కోటి అవుతుంది. ఇప్పుడు సినిమాను పంపే హార్డ్ డిస్కు ధర మీద లెక్కగడితే కొన్ని వేల రూపాయలతో పోతుంది. టికెట్టు మీద వేస్తే ఆ భారం డాలస్ శివార్లలో నలుగురు పిల్లాపాపలతో సినిమాకు వచ్చే కుటుంబం మోయాలి. 1998లో ఏజెంటు నా ముందు పెట్టిన గడి ఈనాడు వాషింగ్టన్‌లో ఖాళీగా ఉంది. అందులో ఏ అంకె పడుతుందన్న దాన్ని బట్టే పెద్ద సినిమా తట్టుకుంటుందా, చిన్న సినిమా విమానం ఎక్కడమే మానేస్తుందా అన్నది తేలుతుంది.

చట్టం సంగతి తెలిసినవాళ్లు కొంత ధైర్యం చెబుతారు. అత్యవసర ఆర్థికాధికారాల చట్టం పేరుతో సినిమాలు, పుస్తకాల వంటి సమాచార సామగ్రి రాకపోకలను అధ్యక్షుడు అడ్డుకోరాదని 1988లో అమెరికా కాంగ్రెసు బెర్మన్ సవరణ తెచ్చింది. అది ఇప్పటికీ అమల్లోనే ఉంది. కానీ జాతీయ భద్రత పేరుతో సుంకాలు వేసే దారి వేరే చట్టంలో ఉంది, మే నెల ప్రకటనలో ‘భద్రత’ అన్న మాట ఊరికే పడలేదు. ఈ వాదోపవాదాల్లో ఎవరు గెలుస్తారో జోస్యం చెప్పే అర్హత నాకు లేదు. అయితే వాదం జరిగే చోట మన వైపు నుంచి ఎవరు కూర్చుంటారని అడిగే హక్కు, పాతికేళ్లు పెట్టెలు మోసినవాడిగా నాకు ఉందనుకుంటున్నాను.

సినిమా మీద సుంకం వేయడం కొత్త సంగతేమీ కాదు. 1947 ఆగస్టులో, డాలర్లు అడుగంటిపోయిన బ్రిటన్‌లో ఆర్థికమంత్రి హ్యూ డాల్టన్ విదేశీ సినిమాల మీద 75 శాతం పన్ను వేశారు. గురి అమెరికా సినిమాల మీదే. హాలీవుడ్ సంస్థలు మర్నాటికల్లా బ్రిటన్‌కు కొత్త సినిమాలు పంపడం మానేశాయి. అక్కడి థియేటర్లు పాత అమెరికన్ సినిమాలనే తిప్పి తిప్పి ఆడించుకున్నాయి, విచిత్రమేమిటంటే వాటి మీద ఈ పన్ను లేదు. ఖాళీ అయిన తెరలను నింపుదామని బ్రిటిష్ నిర్మాతలు, ముఖ్యంగా ర్యాంక్ సంస్థ, అప్పులు తెచ్చి మరీ హడావుడిగా సినిమాలు మొదలుపెట్టారు. 1948 మార్చిలో ఒప్పందం కుదిరి, అమెరికన్ సంస్థలు ఏడాదికి కోటీ డెబ్బై లక్షల డాలర్లు స్వదేశానికి పంపుకోవచ్చునని రాజీపడ్డారు. అప్పటిదాకా పోగుపడిన హాలీవుడ్ సినిమాలన్నీ ఒక్కసారిగా వచ్చిపడేసరికి, ఎవరిని కాపాడతామని పన్ను వేశారో ఆ బ్రిటిష్ నిర్మాతలే నష్టాల్లో మునిగారు.

ఈ కథలో నాకు పన్ను కంటే రాజీ జరిగిన తీరు ముఖ్యం. బ్రిటన్ తరఫున వాణిజ్య శాఖ చూస్తున్న హెరాల్డ్ విల్సన్ కూర్చున్నారు, తర్వాత ఆయనే ప్రధాని అయ్యారు. ఎదురుగా బేరమాడింది హాలీవుడ్ నిర్మాణ సంస్థల సంఘానికి అధ్యక్షుడైన ఎరిక్ జాన్‌స్టన్. ఆ సంఘం యుద్ధం ముగిసిన 1945లోనే ఎగుమతుల కోసం ప్రత్యేక విభాగం పెట్టుకుంది. దాన్ని ‘చిన్న విదేశాంగ శాఖ’ అని పిలిచేవారంటే అది వేళాకోళం కాదు. ఒక దేశం ఏ సినిమాలను ఎన్ని రోజులు ఆడించుకోవచ్చునన్నది ఆ సినిమాలు తీసేవాళ్లు, దేశాల మంత్రులు ఒకే బల్ల దగ్గర తేల్చుకునే వ్యవహారమని వాళ్లు ఎనభై ఏళ్ల కిందటే గుర్తించారు.

అందుకే యుద్ధం తరువాతి ఒప్పందాల్లో తరచుగా సినిమా కనిపిస్తుంది. 1946లో యుద్ధ రుణాల మాఫీ కోసం వాషింగ్టన్ వెళ్లిన ఫ్రెంచి నేత లియోన్ బ్లూమ్, అమెరికా విదేశాంగ మంత్రి జేమ్స్ బర్న్స్‌తో చేసుకున్న ఒడంబడికలో, ఫ్రెంచి థియేటర్లలో మూడు నెలలకు నాలుగు వారాలు మాత్రమే ఫ్రెంచి సినిమాలకు ప్రత్యేకిస్తామన్న షరతు ఉంది. అప్పు తీర్చుకోవడానికి తెరను తాకట్టు పెట్టారని నటులు, దర్శకులు వీధికెక్కారు. 2006లో అమెరికాతో స్వేచ్ఛా వాణిజ్య చర్చలు మొదలుకావాలంటే దక్షిణ కొరియా తన థియేటర్లలో ఏడాదికి స్వదేశీ సినిమాలకు కేటాయించిన 146 రోజులను 73కు కుదించవలసి వచ్చింది. అక్కడి పేరున్న నటులు చేతుల్లో ప్లకార్డులు పట్టుకుని ఒక్కొక్కరుగా నడిరోడ్డు మీద నిలబడ్డారు. 2012లో చైనా, అమెరికాతో ప్రపంచ వాణిజ్య సంస్థ తగాదా తీర్చుకుంటూ, వసూళ్లలో వాటా ఇచ్చే విదేశీ సినిమాల సంఖ్యను 20 నుంచి 34కు పెంచింది. ఈ ఏప్రిల్‌లో ట్రంప్ సుంకాలకు జవాబుగా అదే చైనా, అమెరికన్ సినిమాల దిగుమతిని ‘తగిన మేరకు తగ్గిస్తాం’ అని ప్రకటించింది. సోయా చిక్కుడు, విమాన విడిభాగాల పక్కన సినిమా కూడా బేరంలో ఒక వస్తువు.

ఇక్కడ ఒక మాట ముందే చెప్పాలి. వాళ్లు మన సినిమా మీద సుంకం వేస్తే మనం వాళ్ల సినిమా మీద ఎదురు సుంకం వేయాలన్న వాదన మన సంఘాల సమావేశాల్లో వినిపించక మానదు, చప్పట్లు కూడా పడతాయి. దయచేసి ఆ కోరికతో ఢిల్లీ వెళ్లకండి. డాల్టన్ పన్ను ఎవరి మెడకు చుట్టుకుందో పైన రాశాను. తెలుగులోకి అనువదించిన హాలీవుడ్ సినిమా, మన పెద్ద సినిమా లేని వారాల్లో ఏలూరు, రాజమహేంద్రవరం వంటి ఊళ్ల థియేటర్లకు కరెంటు బిల్లు కట్టిపెడుతుంది. ఆ హాళ్లు మూతపడితే ఆ తర్వాత మన సినిమాకే తెర దొరకదు.

సుంకం కన్నా నిశ్శబ్దంగా నడుస్తున్న మరో వ్యవహారం గురించి మీకు చెప్పడం ఇంకా అవసరం. నేను మొదటి పెట్టె పంపిన 1998లోనే ప్రపంచ వాణిజ్య సంస్థ జెనీవా సమావేశంలో, ఎలక్ట్రానిక్ మార్గంలో దేశాలు దాటే వాటి మీద కస్టమ్స్ సుంకం వేయరాదని సభ్యదేశాలు ఒప్పుకున్నాయి. అది శాశ్వత నియమం కాదు, తర్వాతి సమావేశాల్లో పొడిగించుకుంటూ వచ్చారు. 2024లో అబుదాబిలో జరిగిన సమావేశం దాన్ని వచ్చే సమావేశం దాకా, లేదా 2026 మార్చి 31 దాకా, ఏది ముందైతే అప్పటి దాకా పొడిగించింది. ఆ వచ్చే సమావేశం మార్చి నెలాఖరులో కామెరూన్ రాజధాని యావుందేలో. ఈ పొడిగింపులను ఏళ్ల తరబడి గట్టిగా వ్యతిరేకిస్తున్న దేశాల్లో మనదొకటి. పేద దేశాలు న్యాయంగా రావలసిన సుంకాన్ని కోల్పోతున్నాయని భారత్, దక్షిణాఫ్రికా కలిసి వాదించాయి. ఈ నియమం పరిధి ఏమిటో తేల్చాలని మన ప్రతినిధులు పట్టుబడితే, అది ప్రసారానికే గాని ప్రసారమయ్యే సరుకుకు వర్తించదని ఇండోనేషియా కుండబద్దలు కొట్టింది. ఆ దేశం 2018లో తన సుంకాల పట్టికలో డిజిటల్ సరుకుల కోసం ఒక అధ్యాయమే తెరిచి, ప్రస్తుతానికి సున్నా శాతం అని రాసిపెట్టుకుంది. పెట్టెకు వెలగట్టాలా, పెట్టెలోని సినిమాకు వెలగట్టాలా అన్న నా పాత సందేహమే ఇది, పదహారు రీళ్లు పోయి ఫైలు వచ్చింది, అంతే.

మన ప్రభుత్వ వైఖరిని నేను తప్పుపట్టడం లేదు. బయటి నుంచి వచ్చే సాఫ్ట్‌వేరు, సంగీతం, ఆటలు కొనే దేశంగా చూస్తే ఆ వాదనలో న్యాయం ఉంది. కానీ తెలుగు సినిమా విషయంలో మనం కొనేవాళ్లం మాత్రమే కాదు, అమ్మేవాళ్లం కూడా. ఈ రోజు డల్లాస్‌కు గాని, మెల్‌బోర్న్‌కు గాని మన సినిమా వెళ్లేది డిస్కులోనో, తీగల మీదో. ఆ ఫైలును నిర్ణీత గంటలోనే తెరిచే డిజిటల్ తాళంచెవి ఈమెయిల్‌లో వెళుతుంది. ఆ నియమం రద్దయిన మర్నాడు ప్రతి దేశమూ మన ఫైలు మీద ఎంత వేయవచ్చునని ఆలోచించడానికి స్వేచ్ఛ వస్తుంది. వాణిజ్య మంత్రిత్వ శాఖలో ఈ వైఖరి రాసే అధికారులకు, దీనివల్ల దేశంలో నష్టపోయేవారు కూడా ఉన్నారని, వారిలో మేమున్నామని మీ తరఫున ఎప్పుడైనా ఒక వినతిపత్రం వెళ్లిందా? వెళ్లి ఉంటే దాన్ని బయటపెట్టండి, నేను ఈ పేరాను సంతోషంగా వెనక్కి తీసుకుంటాను.

ఈ ఆగస్టులో మన పక్కనే ఇంకో వ్యాపారానికి ఏం జరిగిందో చూడండి. అమెరికా భారత సరుకుల మీద మొదట 25 శాతం, రష్యా నుంచి చమురు కొంటున్నందుకు శిక్షగా 27వ తేదీ నుంచి మరో 25 శాతం సుంకం వేసింది. రష్యా చమురుకు, భీమవరం చెరువులో పెరిగే రొయ్యకు ఏం సంబంధమని ఎవరైనా అడగవచ్చు. కానీ దెబ్బ ముందుగా తగిలింది దానికే. తగిలిన వారం రోజుల్లోనే ఎన్ని కంటైనర్లు ఆగాయో, కిలోకు ఎంత ధర పడిపోయిందో, ఎన్ని ఎకరాల్లో సాగు ఆపాలో రైతులు, ఎగుమతిదారులు లెక్కలతో సహా చెప్పగలిగారు. ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి కేంద్రానికి లేఖ రాశారు. సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల కోసం 1972 నుంచి చట్టబద్ధమైన సంస్థ ఒకటి ఉంది. అదే గోదావరి డబ్బుతో తయారయ్యే సినిమాకు మాత్రం రొయ్యకున్న నోరు లేదు.

నోరు లేకపోవడానికి ఒక కారణం మన లెక్కలే. ఇది రాయడం నాకు ఇబ్బందిగానే ఉంది, ఎందుకంటే ఆ లెక్కల తయారీలో నా చేయి కూడా ఉంది. శుక్రవారం సాయంత్రానికల్లా పోస్టరు మీద ఎక్కవలసిన మిలియన్ల అంకె గురువారం రాత్రే డిజైనరు దగ్గరికి వెళ్లిపోయిన సందర్భాలు నాకు తెలుసు. పోస్టరు మీద ఒక అంకె, బయ్యరుకు చూపించే పద్దులో ఒక అంకె, పన్నుల వాళ్లకు ఒక అంకె. అభిమానుల పోటీకి మొదటిది సరిపోతుంది. కానీ ఒక ప్రభుత్వం మరో ప్రభుత్వంతో బేరమాడేటప్పుడు, “ఈ సుంకం వల్ల మీ రంగం ఏడాదికి ఎంత నష్టపోతుంది?” అని అధికారి అడిగితే ఈ మూడింటిలో ఏది ఇస్తారు? పోస్టరు అంకె ఇస్తే అన్ని లాభాలు వస్తున్నవాళ్లకు సాయమెందుకంటారు. పద్దు అంకె ఇస్తే పోస్టరు అబద్ధమని మీరే ఒప్పుకున్నట్టవుతుంది.

అమెరికా బజారు అనగానే మనకు తెర కనిపిస్తుంది, ఆ తెర ముందు కూర్చున్నవాళ్లను అక్కడికి చేర్చిన రాజకీయం కనిపించదు. హెచ్1బీ వీసాల్లో 70 శాతానికి పైగా భారతీయులకే దక్కుతున్నాయి. వారిలో తెలుగువాళ్లెందరో ప్రీమియర్ రోజున ఇర్వింగ్‌లోనో, ఎడిసన్‌లోనో థియేటరు పార్కింగులో కారు ఆపడానికి తిరిగినవాళ్లను అడిగితే చెబుతారు. మనకు తెల్లవారేలోపు అక్కడ ఆట ముగిసి, బాగుందో బాగోలేదో కబురు హైదరాబాద్‌కు చేరిపోతుంది. సెప్టెంబరు 19న అమెరికా అధ్యక్షుడు కొత్త హెచ్1బీ దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. ఆ ప్రకటన ఐటీ కంపెనీల వార్తగానే మన పత్రికల్లో వచ్చింది. నా దృష్టిలో అది సినిమా పేజీ వార్త కూడా. కొత్తగా చదువుకు, ఉద్యోగానికి వెళ్లే పాతికేళ్ల కుర్రవాళ్లే మొదటి రోజు మొదటి ఆటకు వెళతారు. ఇల్లు కొనుక్కుని, పిల్లలను ఈత తరగతులకు తిప్పే నలభై ఏళ్లవాళ్లు ఓటీటీలోకి వచ్చేదాకా ఆగుతారు. కొత్త కుర్రవాళ్ల రాక తగ్గితే దాని ప్రభావం అయిదేళ్ల తర్వాత మీ హక్కుల ధరలో కనిపిస్తుంది. అప్పుడు సినిమా బాగోలేదనుకుంటారు తప్ప వీసా సంగతి ఎవరికీ గుర్తుండదు.

ఇంతవరకు డబ్బు సంగతి. కథ సంగతి కూడా క్లుప్తంగా చెప్పాలి.

2023 జూన్‌లో, ప్రభాస్ కథానాయకుడిగా హిందీలోను తెలుగులోను తీసిన ‘ఆదిపురుష్’ విడుదలైంది. సీతను భారతదేశపు పుత్రిక అన్న ఒక్క మాటకు కాఠ్మాండూ మేయర్ బాలెన్ షా అభ్యంతరం చెప్పి, మార్చడానికి మూడు రోజులు గడువిచ్చి, ఆ తర్వాత నగరంలో భారతీయ సినిమాలన్నింటినీ ఆపించారు. ఆ సినిమాతో సంబంధం లేనివి కూడా ఆగిపోయాయి. చివరికి పాటన్ హైకోర్టు ప్రదర్శనలను అడ్డుకోవద్దని ఆదేశించవలసి వచ్చింది. మేయరు చేసింది సబబని నేను అనను. ఒక సంభాషణకు మొత్తం ఒక దేశపు సినిమాలను శిక్షించడం దౌర్జన్యమే. కానీ ఆ మాట రాసేటప్పుడు, జనకపురి ఇవాళ నేపాల్‌లో ఉందని, సరిహద్దు తగాదాలతో ఆ దేశం మన మీద ముందే గుర్రుగా ఉందని గుర్తుచేసేవాళ్లు గదిలో ఒక్కరూ లేకపోవడం నన్ను ఆశ్చర్యపరిచింది. ఏ భద్రాచలం కల్యాణానికో వెళ్లివచ్చిన మన పల్లెటూరి ముసలమ్మను అడిగినా సీతమ్మది మిథిల అని చెబుతుంది. జానకి అంటుంది, మైథిలి అంటుంది, వైదేహి అంటుంది. మనకు వారసత్వంగా వచ్చిన పేర్లలో ఒక్కదానికీ పాస్‌పోర్టు అవసరం లేదు.

గల్ఫ్ సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. 2022 ఆగస్టు 5న విడుదలైన ‘సీతారామం’, పాకిస్తాన్‌లో పెరిగిన అమ్మాయి ఒక భారత సైనికుడి ఉత్తరాన్ని చేర్చడానికి బయలుదేరే కథ, పగలు తగ్గించేదే గాని పెంచేది కాదు. అయినా గల్ఫ్ దేశాల్లో అనుకున్న రోజుకు అనుమతి రాలేదు. యూఏఈలో 11వ తేదీన వచ్చింది. ఒక వారం పోవడం అంటే ఏమిటో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. నేను పనిచేసిన కాలంలో ఒకసారి ఇలాగే గల్ఫ్ అనుమతి కోసం రాత్రి మూడింటి దాకా ఫోను పట్టుకు కూర్చున్నాను. అభ్యంతరం ఏ సన్నివేశం మీదో కూడా మాకు చెప్పలేదు. మా వైపు నుంచి అడగడానికి అరబ్బీ తెలిసినవాళ్లు లేరు, అక్కడి సెన్సారు పద్ధతి తెలిసిన వకీలు లేడు, చివరికి ఒక ట్రావెల్ ఏజెంటు చేత మాట్లాడించాం. తెల్లారేసరికి ఆ ప్రాంతపు బుకింగులన్నీ రద్దయ్యాయి. ఏ దేశానికి కోపం వస్తుందోనని భయపడి కథలు రాయమని నేను ఎవరికీ చెప్పను, అలా రాసిన కథలు ఇంట్లోవాళ్లకు కూడా నచ్చవు. రాయదలుచుకున్నది తెలిసే రాయండి, ఎక్కడ తలుపు మూసుకుంటుందో ముందే లెక్కవేసుకుని హక్కులు అమ్మండి అన్నదే నా మనవి.

కీవ్ నగరం గురించి చెప్పకుండా ఈ లేఖ ముగించలేను. 2021 ఆగస్టులో మారిన్‌స్కీ ప్రాసాదం ముందు ‘ఆర్‌ఆర్‌ఆర్’ లోని ‘నాటు నాటు’ పాట తీశారు. అది ఉక్రెయిన్ అధ్యక్షుడి అధికార భవనం, పక్కనే పార్లమెంటు. అధ్యక్షుడు జెలెన్‌స్కీ స్వయంగా ఒకప్పటి నటుడు. 2022 జనవరి 7న రావలసిన ఆ సినిమా కొవిడ్ వల్ల వాయిదా పడి మార్చి 25న వచ్చింది. ఫిబ్రవరి 24న రష్యా దండెత్తింది. కాబట్టి మనం థియేటర్లో ఆ పాటకు ఈలలు వేస్తున్న నాటికి ఆ భవనం ముందు ఇసుక బస్తాలు, సైనికులు. ఏడాది తిరిగేసరికి 2023 మార్చిలో పాటకు ఆస్కారు వచ్చింది. ఆ తర్వాతి ఏడాది అదే వేదిక మీద మరియుపోల్ ముట్టడి గురించి తీసిన ఉక్రెయిన్ డాక్యుమెంటరీకి ఆస్కారు ఇచ్చారు. మన పాటలోని నీలిరంగు గోడలను అక్కడివాళ్లు ఇప్పుడు ఏ కళ్లతో చూస్తారో నాకు తెలియదు. నేను మాత్రం ఆ పాట వచ్చినప్పుడల్లా, హీరోల వెనుక గిరగిర తిరిగే ఆ నాట్యకారుల ముఖాల వైపే చూస్తాను. లొకేషన్ అన్న మాట వాడినప్పుడు మనం ఒక దేశం గురించి మాట్లాడుతున్నామన్న సంగతి మనకు అంతగా తట్టదు.

మీ నుంచి నేను కోరేది పెద్ద భవనమూ కాదు, కొత్త పదవులూ కాదు. సుంకాల చట్టం తెలిసిన ఒక వకీలు, విదేశీ సెన్సారు పద్ధతులు తెలిసిన ఒకరిద్దరు, ఓవర్సీస్ లెక్కలను ఆడిట్ చేయించి దాచే ఒక గుమస్తా – ఒక పెద్ద సినిమా ప్రీ రిలీజ్ వేడుకలో పూల అలంకరణకు అయ్యే ఖర్చుతో వీళ్లకు ఏడాది జీతాలు ఇవ్వవచ్చు. ముందుగా ఆ మూడో మనిషిని పెట్టండి. అయిదేళ్ల అసలు వసూళ్లు, సినిమా వారీగా, దేశం వారీగా, ఎవరి పేర్లూ బయటపడకుండా సరే, ఒక్కచోట చేర్చండి. వాటితో యావుందే సమావేశానికి ముందే, అంటే వచ్చే జనవరి దాటకుండా, వాణిజ్య శాఖకు ఒక వినతిపత్రం ఇవ్వండి. తమిళ, మలయాళ, కన్నడ, హిందీ నిర్మాతలను కూడా కలుపుకోండి, ఈ ఒక్క విషయంలో ఎవరి సినిమా పాన్ ఇండియా అన్న పోటీ లేదు. అమెరికాతో మన ప్రభుత్వం జరుపుతున్న వాణిజ్య చర్చల్లో రొయ్య, వజ్రం, మందుబిళ్ల ఉన్న జాబితాలో సినిమా అన్న మాట చేర్పించండి. ఆ దేశపు చిత్ర పరిశ్రమకు విదేశీ వ్యాపారంలో లోటు లేదు, మిగులే ఉందని వాళ్ల సంఘమే చెప్పుకుంటుంది. అంటే ఈ సుంకం వద్దనేవాళ్లు హాలీవుడ్‌లోనూ ఉంటారు, వాళ్లతో మాట్లాడటానికి ఇదే సమయం.

నా దగ్గర 1998 నుంచి పంపిన పెట్టెల ఎయిర్‌వే బిల్లుల నకళ్లు, ప్రతి దానిలో ‘సరుకు విలువ’ గడిలో నేను వేసిన అంకెలతో సహా, రెండు అట్టపెట్టెల నిండా ఉన్నాయి. కొన్నింటి మీద సిరా వెలిసిపోయింది. లెక్క మొదలుపెట్టేవాళ్లకు అవి పనికొస్తాయనుకుంటే కబురు చేయండి, నేనే తెచ్చి ఇస్తాను.

భవదీయుడు,
విదేశీ ప్రదర్శనల విభాగంలో పనిచేసి విరమించుకున్న ఒక ఉద్యోగి